రైడ్ క్యూలో మా అమ్మను ఆదుకున్న అక్కకు కృతజ్ఞతలు

థీమ్ పార్క్‌లో రైడ్ కోసం క్యూలో ఉన్నాం. ఆకు కదలడం లేదు, ఒకటే ఉక్కపోత. ఉన్నట్టుండి అమ్మ కళ్లు తిరుగుతున్నాయంటూ కూలబడిపోయింది. జనం మూగారు. టెన్షన్‌లో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

చేతిలో చీపురు పక్కన పడేసి వచ్చారు మీరు. "కాస్త జరగండి, గాలి రానివ్వండి" అని అందరినీ తప్పించి, అమ్మను నీడలో పడుకోబెట్టి, కాళ్ల కింద మీ బ్యాగు పెట్టి ఎత్తుగా ఉంచారు. మీ తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో అద్దారు. అది వేడెక్కగానే మళ్లీ తడిపారు. "గాలిలో తేమ ఎక్కువుంటే చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. తడుపుతూ విసురుతూనే ఉండాలి" అంటూ పార్క్ మ్యాప్ మడిచి నా చేతికిచ్చారు. (ఆ మ్యాప్ పనికొచ్చింది అప్పుడే లెండి!)

"మీ పేరేంటమ్మా? ఎవరితో వచ్చారు?" అని మీరు అమ్మను ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. మాట తడబడినా, పొంతన లేకపోయినా వడదెబ్బ కావచ్చు, వెంటనే అంబులెన్స్ పిలవాలి అని తర్వాత చెప్పారు. అమ్మ సరిగ్గా జవాబిచ్చి, లేచి కూర్చున్నాకే ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగించారు.

మీ భోజనం టైమంతా మా దగ్గరే అయిపోయింది. పేరడిగితే "ముందు అమ్మను ఏసీలో కూర్చోబెట్టు" అని కసిరారు.

అక్కా, మీకు వేయి దండాలు. అమ్మ బాగుంది. మీ తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి, గేటు దగ్గరి కౌంటర్‌లో ఇచ్చాం, తీసుకోండి.