కొన్నది అరగంటలో, పంపింది మూడు వారాల్లో

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో 21 ఏళ్ళుండి, పోయినేడు తెనాలి తిరిగొచ్చేశాం. ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా కాఫీ చేతికిచ్చి అడిగే మాట ఒకటుంది. ‘అక్కడ తుపాకులు కిరాణా సరుకుల్లా దొరుకుతాయటగా?’ అని. టెక్సాస్ మటుకు దాదాపు అలాగే ఉంటుంది. కొన్న తుపాకిని ఇంకొకరికి పంపాలంటే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. మనవాళ్ళ పిల్లలు వీసాల మీద అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం.

డల్లాస్ దగ్గర ఉన్నప్పుడు నాకొక షాట్‌గన్ ఉండేది. గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని కాల్చే ఆట ఆఫీసులో ఒక పెద్దాయన నేర్పాడు. ఆ సరదాతో సెకండ్‌హ్యాండ్‌లో 280 డాలర్లు పెట్టి కొన్నాను. ఫారం నింపడం, కొట్టు వాళ్ళు ఎఫ్‌బీఐ రికార్డుల్లో నా పేరు సరిచూడటం, అంతా కలిపి అరగంట. ఇండియా వచ్చేస్తూ దాన్ని వెంట తెచ్చుకోవాలంటే ఇక్కడి లైసెన్సు, దిగుమతి అనుమతి అంటూ తిరగాలి. ఆ ఓపిక నాకు లేదు. ఒహాయోలో కొలంబస్‌లో ఉండే మా బావమరిది ‘నాకిచ్చెయ్ బావా’ అన్నాడు. వాడికి గ్రీన్‌కార్డు ఉంది.

అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి కొరియర్ ఆఫీసుకు పట్టుకెళ్ళాను. లోపల ఏముందని అడిగితే ఉన్నది చెప్పాను. కౌంటర్ అమ్మాయి చెయ్యి పెట్టె మీద నుంచి చటుక్కున వెనక్కి పోయింది. అప్పుడు తెలిసింది, యూపీఎస్, ఫెడెక్స్ తుపాకుల్ని లైసెన్సున్న డీలర్ల దగ్గర తప్ప మామూలు మనుషుల దగ్గర తీసుకోవని. పోస్టాఫీసులో షాట్‌గన్ పంపొచ్చు గానీ, వేరే రాష్ట్రమైతే అక్కడి డీలర్ పేరు మీదే వెళ్ళాలి. పిస్టల్ అయితే అప్పట్లో అదీ లేదు, ఆ నిషేధం 1927 నాటి చట్టంలోది. తూటాలు పోస్టులో అసలే పనికిరావు.

‘విమానంలో తెచ్చెయ్’ అన్నాడు బావమరిది. తీసుకెళ్ళొచ్చు. గుండ్లు తీసేసి, గట్టి పెట్టెలో తాళమేసి, కౌంటర్‌లో చెప్పి లగేజీలో వేయాలి. తీరా అక్కడ దిగాక వాడి చేతికి ఇవ్వకూడదు! రాష్ట్రం దాటి ఇస్తే మధ్యలో లైసెన్సు డీలర్ ఉండి తీరాలన్నది ఫెడరల్ చట్టం. అదే టెక్సాస్‌లో మా పక్కింటాయనకు ఇచ్చుంటే కాగితం ముక్క కూడా అక్కర్లేదు. ఇదేం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు.

చివరికి డల్లాస్ డీలర్ ప్యాకింగుకు 45, రవాణాకు 70 తీసుకున్నాడు. కొలంబస్ డీలర్ ఫీజు 30. మొత్తం 145 డాలర్లు, అంటే తుపాకి ఖరీదులో సగం పైన. బావమరిది అక్కడి కొట్టుకెళ్ళి, మళ్ళీ అదే ఫారం నింపి తెచ్చుకునేసరికి మూడు వారాలు.

నేను రాయాలనుకున్న అసలు విషయం ఆ మూడు వారాల మధ్యలో జరిగింది. మాకు తెలిసిన గుంటూరు కుర్రాడొకడు, హెచ్1బి మీద ఉన్నాడు. ‘అంకుల్, శనివారం నేనెలాగూ కారులో కొలంబస్ వెళ్తున్నా, డిక్కీలో పడెయ్యండి’ అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు, పాపం. నేనూ దాదాపు సరేనన్నాను. ఆ సాయంత్రం డీలర్‌తో మాటల్లో అంటే ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ‘ఆ అబ్బాయి మీద నీకేమైనా కోపమా?’ అన్నాడు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటమే నేరం. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకూ, ఇంకా కొద్దిమందికీ మాత్రమే మినహాయింపు. తనది కాదు, డిక్కీలో ఉందంతే అంటే కుదరదు. 2022లో మారిన చట్టం ప్రకారం శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. తుపాకి కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. వీకెండ్‌లో షూటింగ్ రేంజికి వెళ్ళి, అద్దె తుపాకి పట్టుకుని ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టే పిల్లలకూ ఈ రూలే వర్తిస్తుంది. సాక్ష్యం వాళ్ళే పెట్టుకుంటున్నారు. అక్కడి మన సంఘాలు బతుకమ్మకూ ఉగాదికీ వేసే కరపత్రాల్లో నాలుగు లైన్లు దీని గురించి వేస్తే బాగుండును.

ఇంకొక్క మాట. సామాన్లు సర్దేటప్పుడు మా ఆవిడ ఒక పాత బ్యాగు పక్క జేబులో చెయ్యి పెట్టి ‘ఇదేంటండీ, లిప్‌స్టిక్‌లా ఉంది?’ అంది. ఎర్ర ప్లాస్టిక్ గొట్టం, అడుగున ఇత్తడి. రేంజికి తీసుకెళ్ళే బ్యాగది, కాల్చని తూటా ఒకటి అందులో ఉండిపోయింది. మన ఆయుధాల చట్టం తూటాకీ వర్తిస్తుంది, లైసెన్సు లేకుండా ఒక్కటి ఉన్నా కేసే. ఆ రాత్రి ఎనిమిది పెట్టెలూ మళ్ళీ విప్పి, జేబులన్నీ తిరగేసి, దులిపి సర్దాం.

ఒక పాఠకుడు,
తెనాలి