లాన్ ఎండింది నీళ్ళు లేక కాదు

హైదరాబాద్,
నవంబరు 2025

మేనేజర్ గారికి,

విషయం: మా అపార్ట్‌మెంట్‌లో మీరు వేసిన లాన్ పాడవడం, ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పనిలో మీవాళ్ళ నిర్లక్ష్యం.

నమస్కారం.

జూన్‌లో తొలకరి పడగానే మా ఆవరణలో 1,800 చదరపు అడుగుల లాన్ వేశారు. అడుగుకు 45 రూపాయల చొప్పున 81,000 తీసుకున్నారు. ఏడాది ఏఎంసీ డబ్బు కూడా ముందే కట్టించుకున్నారు. ఇవాళ ఆ లాన్‌లో సగం మాడిపోయింది. మిగతా సగంలో పచ్చగా కనబడేది చాలావరకు తుంగ అనే కలుపు. ఫోన్ చేసినప్పుడల్లా మీ సూపర్‌వైజర్ చెప్పేది ఒకటే మాట: "నీళ్ళు సరిగ్గా పెట్టట్లేదు సార్." తప్పంతా మా వాచ్‌మన్ నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారు. అందుకే ఈసారి ఫోన్ కాకుండా రాతలో పెడుతున్నాం.

ముందు ఆ నీళ్ళ సంగతి. లాన్ అంతటికీ ఒకటే బోరు, ఒకే వరస స్ప్రింక్లర్లు. దీపావళికి ముందు మీ మనిషి వచ్చి మిట్టమధ్యాహ్నం యూరియా చల్లి, తడి పెట్టకుండానే వెళ్ళిపోయాడు. సాయంత్రం వంగి చూస్తే గడ్డి మొదళ్ళలో తెల్లటి గుళికలు కరగకుండా అలాగే ఉన్నాయి. వాచ్‌మన్ పైపు పట్టేసరికే ఆలస్యమైపోయింది. నాలుగైదు రోజుల్లో చారలు తేలాయి. మీ మనిషి నడిచిన దారి వెంటే, చెయ్యి విసిరినంత వెడల్పున ఉన్నాయవి. గుప్పెడు ఒకేచోట పడ్డ దగ్గర పళ్ళెమంత మేర మాడింది. చార పక్కనే జానెడు దూరంలో గడ్డి నవనవలాడుతోంది. నీళ్ళు చాలక ఎండే గడ్డి ఇలా గీత గీసినట్టు ఎండుతుందా?

ఆ రోజు విజిట్ స్లిప్పులో మీవాళ్ళ చేతిరాతతోనే "యూరియా 10 కేజీ" అని ఉంది. కాపీ జతచేశాం. యూరియాలో నత్రజని 46 శాతం. లాన్‌కు ఒక విడతలో చదరపు మీటరుకు 5 గ్రాముల నత్రజని వేయడం మామూలుగా అందరూ పాటించే మోతాదు. మా లాన్ 167 చదరపు మీటర్లు. అంటే రెండు కిలోల లోపు యూరియా చాలు. మీరు వేసింది అయిదు రెట్లకు పైనే. ఎకరం లెక్కన చూస్తే 45 కిలోల బస్తాలు అయిదు దాటుతాయి, అదీ ఒక్క విడతలో. వరికి కూడా ఏ రైతూ అలా గుమ్మరించడు. ఈ వానాకాలం ఒక్క బస్తా కోసం రైతులు చెప్పులు క్యూలో పెట్టి కూర్చున్నారు. రైతులకిచ్చే సబ్సిడీ యూరియా మా లాన్‌కు ఎలా చేరిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక వేపచెట్టు కింద భాగం. అక్కడ యూరియా కంటే ముందే, ఆగస్టు నుంచే గడ్డి పలచబడింది. మీరు సెలెక్షన్ గడ్డి పేరుతో వేసింది గరిక జాతి. దానికి రోజుకు ఆరేడు గంటల ఎండ తగలాలి. గరిక నీడలో నిలవదని పొలం గట్ల మీద తిరిగిన ఎవరికైనా తెలుసు. కొటేషన్ ఇవ్వడానికి వచ్చిన మీ ఇంజనీరు టేపు పట్టి కొలిచాడు గానీ ఒక్కసారి తలెత్తి చెట్టు వైపు చూడలేదు. ఇప్పుడేమో కొమ్మలు కొట్టేయండి, వీలైతే చెట్టే తీసేయండి అని సలహా. చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి వచ్చినా మేం కొట్టం. మీ లాన్ కన్నా ఆ చెట్టు మాకు ముఖ్యం.

ఆ చోట ఎండిన గడ్డి కార్పెట్ అంచు పట్టుకుని లాగితే చాపలా చుట్టుకుంటూ వచ్చేసింది. అయిదు నెలలైనా వేర్లు కిందికి దిగలేదు. కింద చూస్తే ఎర్రమట్టి రెండు అంగుళాలు, దాని కింద బిల్డర్ వదిలేసిన ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు. కొటేషన్‌లో రాసింది ఆరు అంగుళాల ఎర్రమట్టి, వర్మీకంపోస్టు. స్కేలు పెట్టి తీసిన ఫొటోలు పంపుతున్నాం.

తుంగ మీరు తెచ్చిన మట్టితోనే వచ్చిందని మా నమ్మకం. అంతకుముందు ఇక్కడ అది లేదు. మీవాళ్ళు వచ్చినప్పుడల్లా పైపైన పీకి పోతున్నారు. కింద గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి కాబట్టి పీకిన వారానికే మళ్ళీ లేస్తోంది. తుంగముస్తలు కావాలంటే ఆయుర్వేద దుకాణానికి వెళ్ళేవాళ్ళం, మీ దాకా వచ్చేవాళ్ళం కాదు. కలుపు మందు కొట్టమంటే గ్లైఫోసేట్ డబ్బా పట్టుకొచ్చారు. దానికి తుంగ, గరిక అన్న తేడా ఉండదని మేమే ఆపాం. గరికను వదిలి తుంగ మీద పనిచేసే హాలోసల్ఫ్యూరాన్ అనే మందు ఉందని మీకు మేం చెప్పాలా?

కటింగ్ గురించి ఒక్క మాట. నెలంతా రాకుండా, వచ్చిన రోజు నేలకు అంటగొరిగి పోతున్నారు. ఒక కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. బ్లేడుకు పదును లేక ఆకు కొసలు తెగకుండా పీచుపీచుగా చీలి తెల్లబడుతున్నాయి.

కార్తీక మాసం భోజనాలు ఈ లాన్ మీద పెట్టుకుందామనే ఈ ఏడాది డబ్బు వేసుకున్నాం. చివరికి సెల్లార్‌లో, బైకుల మధ్య విస్తళ్ళు వేసుకున్నాం.

మేం అడిగేది ఇది. మాడిన భాగమంతా తవ్వించి, చెత్త తీయించి, ఒప్పుకున్న ఆరు అంగుళాల మట్టి పోసి మీ ఖర్చుతో కొత్త గడ్డి వేయాలి. ఈ చలిలో వేస్తే వేరు పట్టడం ఆలస్యం, ఫిబ్రవరిలో వేసినా మాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మాట ఇప్పుడే రాసివ్వాలి. చెట్టు నీడ అంచున, మూడు నాలుగు గంటలైనా ఎండ పడే చోట కొంత నీడను తట్టుకునే జోయ్‌సియా గడ్డి వేయండి. మొదలు చుట్టూ ఏ గడ్డీ వద్దు, ఆ మేరకు డబ్బు వెనక్కి ఇవ్వండి. తుంగ పూర్తిగా పోయేదాకా ఏఎంసీ గడువు లెక్కలోకి రాకూడదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేదంటే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాం. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. సంఘం సమావేశంలో ఈ మేరకు తీర్మానం కూడా చేశాం.

ఇట్లు,
కార్యదర్శి,
ఫ్లాట్ యజమానుల సంక్షేమ సంఘం

జత: కొటేషన్, విజిట్ స్లిప్పుల కాపీలు, ఫొటోలు