నెలకు 20 పేజీలు తీసే ఇంటికి ఏ ప్రింటరు?

చి.సౌ. అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ప్రింటరు కొందామనుకుంటున్నామని, ఆఫర్లో ఉన్న ఇంక్ ట్యాంక్ మోడల్ నచ్చిందని, పేజీకి పైసల్లోనే పడుతుందట అని రాశావు. డబ్బు కట్టకముందే అడిగావు, మంచి పని చేశావు. ఆ పైసల లెక్క నిజమే. కానీ అది రోజూ యాభై పేజీలు తీసే ట్యూషన్ సెంటరు లెక్క, మీ ఇంటి లెక్క కాదు. మీ ఇంట్లో తీసేవి ఏముంటాయి? చిన్నాడి వర్క్‌షీట్లు, ఆధార్ కాపీలు, అప్పుడో రైలు టికెట్టు, ఏడాదికోసారి అద్దె అగ్రిమెంటు. నెలకు 20 పేజీలు దాటవు. వేసవి సెలవులకు మీరిక్కడికి వస్తే నెలన్నర పాటు దాన్ని ముట్టుకునేవాళ్ళే ఉండరు. ఆ నెలన్నర ఊరికే పడున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో చూసుకుని కొనాలి.

ఇంక్ ప్రింటర్లలో సిరా చిమ్మే హెడ్డు మీద వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వందల్లో ఉంటాయి. వాటి మూతి దగ్గర సిరా ఎప్పుడూ తడిగా నిలబడి ఉండాలి. పని అయ్యాక హెడ్డు పక్కకు జరిగి, అక్కడున్న రబ్బరు మూత మీదకు వెళ్ళి ఆగుతుంది. ఆ మూతే సిరా ఆరిపోకుండా కాపాడేది. ప్రింటరు మీది బటన్ నొక్కి ఆపితే హెడ్డు తన చోటికి వెళ్ళాకే కరెంటు తీసేస్తుంది. మన ఇళ్ళలో అలవాటు ఏమిటి? గోడ మీది స్విచ్ టక్కున కట్టేస్తాం. హెడ్డు దారిలో ఉండగా అలా కడితే మూత పడదు, రంధ్రాలు గాలికి తెరుచుకునే ఉంటాయి. ఏప్రిల్ ఎండల్లో ఇక చెప్పేదేముంది. మూత సరిగ్గా పడినా, వారాల తరబడి వాడకపోతే సిరా చిక్కబడక మానదు.

తర్వాత ప్రింటు తీస్తే అక్షరాల మధ్య తెల్లగీతలు వస్తాయి. క్లీనింగ్ నొక్కుతాం. క్లీనింగ్ అంటే సిరాను గట్టిగా లాగి పారబోయడమే. ఆ పోయిన సిరా మిషను అడుగున ఉండే స్పాంజిలోకి వెళ్తుంది. ఎంత వెళ్ళిందో మిషను లెక్క పెట్టుకుంటూ ఉంటుంది, స్పాంజి నిండిందని దానికి తోచిన రోజున ప్రింటు చేయడమే మానేస్తుంది. అంటే తక్కువ వాడేవాళ్ళు కొన్న సిరాలో చాలా భాగం కాగితం ముఖమే చూడదు. ట్యాంక్ మోడళ్ళలో ఇంకో సంగతి ఉంది. సిరా చౌకే గానీ చాలా వాటిలో హెడ్డు మిషనుకే ఉంటుంది. అది పూర్తిగా మూసుకుపోతే మార్చడానికి ఖర్చు బాగా అవుతుంది.

అందుకని మీకు నలుపు-తెలుపు లేజరే తీసుకో. అందులో తడి అన్నదే లేదు. టోనరు అంటే మెత్తటి ప్లాస్టిక్ పొడి. లోపల తిరిగే డ్రమ్ము అనే గొట్టం మీద అక్షరం ఆకారంలో అంటుకుని కాగితం మీదకు దిగుతుంది, చివర్లో ఫ్యూజర్ రోలర్లు దాదాపు 200 డిగ్రీల వేడితో దాన్ని కరిగించి అతికిస్తాయి. ఆరు నెలలు ముట్టుకోకపోయినా ఆ పొడి ఎండిపోయేది లేదు, గడ్డ కట్టేది లేదు. పైగా ఆ అక్షరం మీద నీళ్ళు పడ్డా చెదరదు.

లెక్క కూడా చూడు. బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డి అనే మోడల్‌కు పట్టే టిఎన్-2365 టోనరు 2600 పేజీలకని రాసి ఉంటుంది. ఈ పేజీల లెక్కలన్నీ కాగితంలో ఇరవయ్యో వంతు మాత్రమే నలుపు ఉంటుందనుకుని వేసినవి. నిండుగా రాసిన పేజీలో అంతకు రెట్టింపు ఉంటుంది కాబట్టి 1300 అనుకో. నెలకు 20 చొప్పున అయినా అయిదేళ్ళ పైమాటే. కొత్త మిషనుతో వచ్చే టోనరు చాలా మోడళ్ళలో నిండుగా ఉండదు, 700 పేజీలదే ఇచ్చేవాళ్ళున్నారు. అందులో సగమే అనుకున్నా మీకు అది కూడా ఏడాదిన్నర వస్తుంది, దాని గురించి బెంగపడకు.

మోడల్ పేరు చివర అక్షరాలు చూసుకో. డి అంటే కాగితం రెండు వైపులా తనే తిప్పి వేస్తుంది, డబ్ల్యూ అంటే వైఫై, ఎన్ అంటే నెట్‌వర్క్ కేబులు. మీకు డి, డబ్ల్యూ రెండూ ఉన్నది కావాలి. ఫోన్ నుంచి నేరుగా తీయడానికి పెట్టె మీద ఎయిర్‌ప్రింట్, మోప్రియా అన్న పేర్లు రెండూ ఉన్నాయో లేదో చూడు. ఆ రెండూ ఉంటే ఐఫోనుకైనా ఆండ్రాయిడ్‌కైనా విడిగా డ్రైవరు (ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్) వేసే పని ఉండదు, పదేళ్ళ తర్వాత కంపెనీ డ్రైవరు ఇవ్వడం మానేసినా పని నడుస్తుంది.

ఎవరైనా కానన్ ఎల్‌బిపి2900, హెచ్‌పి లేజర్‌జెట్ 1020 సెకండ్ హ్యాండ్‌లో ఇప్పిస్తామంటారు. జిరాక్స్ షాపుల్లో ఏళ్ళ తరబడి నలిగిన గట్టి మిషన్లే అవి, టోనరు నింపేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతారు. కానీ రెండిటికీ యుఎస్‌బి కేబులే దిక్కు. వైఫై లేదు, రెండో వైపు వేయాలంటే కాగితం చేత్తో తిప్పాలి. అల్లుడుగారి మ్యాక్‌తో డ్రైవరు తిప్పలు వేరే. మీకు వద్దు.

స్కానరు ఉన్నది తీసుకోవాలా అంటే, ధర తేడా భరించగలిగితే తీసుకో. అప్‌లోడ్ చేయడానికి ఫోన్లో స్కాన్ చాలు గానీ, ఆధార్ రెండు వైపులా ఒకే కాగితం మీద తీయాలంటే ఐడి కాపీ బటన్ ఉన్న మిషను ముందు ఏదీ నిలవదు. ఫ్యాక్సుకు, కాగితాలు తనే లాక్కునే ఫీడరుకు మాత్రం డబ్బు పెట్టకు.

మిషను కన్నా ముందు దాని టోనరు వెతుకు. ఆ నంబరు కార్ట్రిడ్జ్ కనీసం రెండు మూడు చోట్ల దొరుకుతుందా, ధర మిషను ధరలో సగం దాటుతుందా, చిప్ ఉండి కంపెనీ సరుకు తప్ప ఇంకేదీ ఒప్పుకోనిదా? కొన్నిటికి టోనరు, డ్రమ్ము వేర్వేరుగా ఉంటాయి. ఇందాక చెప్పిన బ్రదర్‌కు డ్రమ్ము 12,000 పేజీలు వస్తుంది, మధ్యలో పొడి డబ్బా ఒక్కటే మారుస్తాం. హెచ్‌పి, కానన్ పాత మోడళ్ళలో రెండూ కలిపి ఒకే కార్ట్రిడ్జ్, మార్చడం తేలిక, డ్రమ్ము ప్రతిసారీ కొత్తది వస్తుంది. తక్కువ వాడేవాళ్ళకు ఏదైనా పరవాలేదు.

ఇంటికి వచ్చాక దాన్ని ఇన్వర్టరు లైనుకు గానీ కంప్యూటరు యుపిఎస్‌కు గానీ తగిలించకు. ఫ్యూజరు చల్లగా ఉండి వేడెక్కే ఆ కొద్ది సెకన్లలో ఎనిమిది వందలు, వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. 600 విఎ యుపిఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు. మొదటి పేజీకే కుయ్యోమని ఆగిపోతుంది, నీ లాప్‌టాప్ పని కూడా దానితో పోతుంది. గోడ సాకెట్టుకే పెట్టు.

కాగితం 75 జిఎస్‌ఎం ఎ4 కట్ట ఒకటి చాలు. ట్రేలో ముప్పై నలభై ఉంచి, మిగతావి అదే రేపరులో చుట్టి బీరువాలో పెట్టు. వానాకాలం కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. ఫ్యూజరు వేడికి ఆ చెమ్మ ఆవిరై కాగితం మెలి తిరుగుతుంది, ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే టోనరు బయటకు తీసి, రెండు చేతులతో కాగితం వెళ్ళే దిశలోనే నెమ్మదిగా లాగాలి. వెనక్కి లాగితే చిరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. ఇంక్‌జెట్ ఫోటో పేపరు మాత్రం ఎప్పుడూ పెట్టకు, దాని పై పూత కరిగి ఫ్యూజరుకు అతుక్కుంటుంది.

అగ్రిమెంటు లీగల్ కాగితం మీద తీసేటప్పుడు ఒక చిక్కుంది. మన దగ్గర దొరికే లీగల్ చాలావరకు 215 × 345 మిల్లీమీటర్లు. కంప్యూటర్లో మామూలుగా లీగల్ అని ఎంచుకుంటే అమెరికా కొలత 216 × 356 వస్తుంది, సంతకాల దగ్గర చివరి పంక్తి తెగిపోతుంది. ఇండియన్ లీగల్ అన్నది ఉంటే ఎంచుకో, లేకపోతే కొలతలు చేత్తో ఇవ్వు.

చిన్నాడి తెలుగు వర్క్‌షీట్లకు టోనర్ సేవ్ (పొడి తక్కువ వాడే సెట్టింగు) పెట్టకు. ఇంగ్లీషు అక్షరాలు పలచబడినా చదవగలం. మన ఫ కింద ఉన్న చిన్న గీత చెదిరితే అది ప అయిపోతుంది, ధ కాస్తా ద అయిపోతుంది. అక్షరాలు ఇప్పుడిప్పుడే దిద్దుకుంటున్న పిల్లాడు తప్పే నేర్చుకుంటాడు. మీకు వచ్చే పేజీలకు అందులో మిగిలేది కూడా ఏమీ లేదు. వాట్సాప్‌లో వచ్చిన తెలుగు వర్డ్ ఫైలు నేరుగా తీయకు, పంపినవాళ్ళనే పిడిఎఫ్ చేసి ఇమ్మను.

రోగాలు రెండు మూడు తెలిసుంటే మెకానిక్ అక్కర్లేదు. పేజీ మీద మచ్చ ఒకే దూరంలో మళ్ళీ మళ్ళీ పడుతుంటే స్కేలు పెట్టి కొలువు. ఇందాక చెప్పిన బ్రదర్‌లో 94 మిల్లీమీటర్లకోసారి పడితే డ్రమ్ము మీద ఏదో అంటింది, లేదా గీత పడింది. నిలువునా నల్ల చార వస్తే డ్రమ్ము పైన ఆకుపచ్చ బుడిపె ఉంటుంది, దాన్ని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు అయిదారుసార్లు జరుపు. డ్రమ్ముకు విద్యుదావేశం ఇచ్చే లోపలి తీగ (కరోనా తీగ అంటారు) మీది దుమ్ము పోతుంది. చివర్లో బాణం గుర్తు దగ్గరకే తెచ్చి వదలాలి, మధ్యలో వదిలేస్తే కొత్త చార వస్తుంది. పొడి ఒలికితే పొడిగుడ్డతో తుడిచి, చేతులు చన్నీళ్ళతో కడుక్కో. వేడినీళ్ళు తగిలితే అది అంటుకుపోతుంది.

వైఫైలో చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్‌నే పడతాయి, 5 కనబడదు. వారానికోసారి ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే ప్రింటరు చెడినట్టు కాదు, రూటరు దానికి కొత్త ఐపీ అడ్రసు ఇచ్చి ఉంటుంది. రూటరు సెట్టింగుల్లో ప్రింటరుకు ఒకే అడ్రసు ఎప్పటికీ ఉండేలా కేటాయించమని అల్లుడుగారికి చెప్పు.

రంగుల్లో కావాలంటే, ఏడాదికి నాలుగు ప్రాజెక్టు పేజీల కోసం మిషను వద్దు, సందు చివర జిరాక్స్ షాపులో తీయించు. రంగులే కావాలని పట్టుబడితే, హెడ్డు కార్ట్రిడ్జ్‌తోనే వచ్చే చిన్న ఇంక్‌జెట్ తీసుకో. ఎండిపోతే కార్ట్రిడ్జ్ మారుస్తావు, హెడ్డు కూడా కొత్తదే వస్తుంది. వారానికో రంగు పేజీ మాత్రం తప్పకుండా తీయాలి.

రెండు మూడు మోడళ్ళు చూసి, వాటి టోనరు నంబర్లతో సహా నాకు పంపించు. మన ఊళ్ళో కూడా దొరుకుతాయో లేదో కనుక్కుని ఆదివారం ఫోన్ చేస్తాను.

మీ నాన్న