25 కిలోమీటర్ల నడకకు ముందు సమయం ఇవ్వండి: అటవీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగాలకు రాత పరీక్షలు దాటిన పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు అదే వ్యవధిలో 16 కిలోమీటర్లు నడవాలన్న నిబంధనను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. అడవిలో బీటు తిరిగే మనిషికి ఆ ఓపిక ఉండి తీరాలి. నా విన్నపమల్లా ఆ నడక తేదీ గురించి, మొదలయ్యే వేళ గురించి, ముగిసే చోట చేయవలసిన ఏర్పాట్ల గురించి. వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించినవాడిగా కాస్త వివరంగా చెప్పడానికి అనుమతించండి.

65 కిలోల మనిషి ఒంట్లో సుమారు నాలుగున్నర లీటర్ల రక్తం ఉంటుంది; అందులో సగానికి పైగా ప్లాస్మా అనే ద్రవమే. గంటకు ఆరు కిలోమీటర్లకు మించిన వేగంతో నడక మొదలైన కొద్ది నిమిషాలకే ఆ ప్లాస్మాలో కొంత రక్తనాళాలు దాటి కండరాల్లోకి చేరుతుంది. ఒళ్లు వేడెక్కే కొద్దీ కండరాలతో పాటు చర్మానికీ రక్తం పంపాలి. ఈలోగా ఎండలో గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి, నీరు చెమటగా పోతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గడంతో అది ఒక్కో స్పందనకు బయటికి పంపే రక్తమూ తగ్గి, నడక వేగం ఏమీ పెంచకపోయినా మూడో గంటలో గుండె మొదటి గంటకన్నా వేగంగా కొట్టుకుంటుంది. మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచగలవు గానీ పోయినదాన్ని తిరిగి తేలేవు. చర్మానికి రక్తం చాలనప్పుడు వేడి లోపలే నిలిచి వడదెబ్బకు దారితీస్తుంది.

అయితే శరీరం దీనికి అలవాటు పడగలదు. ఎండలో రోజూ గంట, గంటన్నర సాధన చేస్తే వారంలోపే ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. ఈ అలవాటు కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు, ఎర్ర రక్తకణాలు పెరగడానికి మరికొన్ని వారాలు పడుతుంది. నెలల తరబడి కోచింగ్ గదిలో ఫ్యాను కింద చదువుకున్న అభ్యర్థిని ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే నడవమంటే, అతని ఓపికతో పాటు మన తొందరను కూడా కొలిచినట్టవుతుంది. 2024 ఆగస్టులో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా యువకులు చనిపోయాకే, అక్కడి ప్రభుత్వం పరీక్షలను కొన్నాళ్లు ఆపి, వేళలు మార్చింది.

మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కనుక, నడకకు చాలా ముందే హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితంగా చేయించాలి. (బాగా సాధన చేసినవారిలో ప్లాస్మా పెరిగి ఆ అంకె కాస్త తక్కువగా కనిపించవచ్చు, దాన్నిబట్టి ఎవరినీ అనర్హులను చేయకూడదు.)

ఏపీపీఎస్సీతో సంప్రదించి నడక తేదీని కనీసం ఆరు వారాల ముందు ప్రకటించాలని, మార్చి నుంచి జూన్ వరకు ఈ పరీక్ష పెట్టవద్దని, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగించాలని కోరుతున్నాను. దారి పొడవునా నీళ్లతో పాటు ఓఆర్‌ఎస్ కూడా ఉంచాలి. ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది ముగింపు స్థలం. నడుస్తున్నంతసేపూ పిక్కల కండరాలు కాళ్లలోని రక్తాన్ని పైకి నెడుతుంటాయి. సమయం నమోదు కోసం అభ్యర్థులను వరుసలో నిలబెడితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచిపోయి, అంతదూరం నడిచినవాడు అక్కడే కుప్పకూలవచ్చు. కాబట్టి కొన్ని నిమిషాలు మెల్లగా నడిపించాలి, కళ్లు తిరిగినవారిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అంబులెన్స్ ఎక్కించేలోపే మంచునీళ్లతో ఒంటిని చల్లబరచాలి. అందుకు కావలసిన తొట్టి, మంచు, ఒక వైద్యుడు ప్రతి కేంద్రంలో ఉండేలా డివిజనల్ ఫారెస్ట్ అధికారులకు తదుపరి నడకకు ముందే లిఖితపూర్వక ఆదేశాలు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
విశ్రాంత శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు