మింగలేని పెద్దలకు జిల్లా ఆసుపత్రిలో దిక్కెవరు?

సంపాదకులు గారికి,

అన్నం తింటూ పెద్దవాళ్లకు పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటాం. ఎప్పుడో ఒకసారైతే సరే. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు ఉన్నవాళ్లు రోజూ మంచినీళ్లకే దగ్గుతుంటే మాత్రం అది మింగుడు సమస్య. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. కొందరికి ఆ దగ్గు కూడా రాదు, జ్వరం వచ్చాకే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. దీన్ని వృద్ధాప్యపు ప్రత్యేక సమస్యగా గుర్తించాలని యూరప్ వైద్య సంఘాలు 2016లోనే కోరాయి. మనం ఇంకా "వయసైపోయింది కదా" అంటున్నాం.

ఈ రంగంలో జరిగిన పరిశోధనల్లో నన్ను బాగా కదిలించింది జపాన్ వాళ్లది. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 11 వృద్ధాశ్రమాల్లో కొందరికి ప్రతి భోజనం తర్వాత సిబ్బంది పళ్లు తోమారు. రెండేళ్లలో వాళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, అలా తోమనివాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. నోట్లోని క్రిములే దారి తప్పి ఊపిరితిత్తుల్లో చేరతాయి మరి. బ్రష్షుతో అయ్యే ఈ పని మన వార్డుల్లో రోగి తోడొచ్చినవాళ్లకే మిగిలిపోయింది. వాళ్లకైనా ఎవరూ నేర్పరు.

పలచటివి దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోకుండా నీళ్లూ పాలూ చిక్కబరిచి తాగిస్తే చాలన్న నమ్మకమూ సడలుతోంది. 2008లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో, గడ్డం కిందికి వంచి మామూలు నీళ్లు తాగినవాళ్లకంటే చిక్కటివి తాగినవాళ్లకు న్యుమోనియా చెప్పుకోదగ్గంతగా ఏమీ తగ్గలేదు. పైగా ఒంట్లో నీరు తగ్గిపోవడం వీళ్లలోనే ఎక్కువ. అందుకే ఎవరికి ఏది సరిపడుతుందో పరీక్షించి చెప్పే మనిషి కావాలి.

మన తిండి మీదా పరిశోధన జరగాలి. "మెత్తటివి పెట్టండి" అంటే ఇంట్లో చారన్నం పెడతారు. నీళ్లూ మెతుకులూ కలిసిన ఆ ముద్దే వీళ్లకు ప్రమాదం. రాగిజావ వేడిగా ఉన్నప్పుడు ఒకలా, చల్లారాక ఇంకోలా ఉంటుంది. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ కేంద్రం, మన వైద్య కళాశాలలు కలిసి ఈ పని తలపెట్టాలి.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం: పక్షవాతంతో చేరిన ప్రతి రోగికీ నోటి ద్వారా తిండి, మాత్రలు ఇచ్చేముందు మింగుడు పరీక్ష తప్పనిసరి చేయండి. శిక్షణ ఇస్తే నర్సులు చేయగలిగిందే ఇది. ప్రతి జిల్లా ఆసుపత్రిలో మింగుడు సమస్యలు చూసే స్పీచ్ థెరపిస్టును నియమించండి. డిశ్చార్జి రోజున ఎలా కూర్చోబెట్టి తినిపించాలో, నోరెలా శుభ్రం చేయాలో ఇంట్లోవాళ్లకు చేసి చూపించేలా ఆదేశాలివ్వండి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, కాకినాడ