ఉదయగిరి దుర్గానికి దారేది?

సంపాదకుడు గారికి,

2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడంలో ఓనమాలు దిద్దుకున్నది భువనగిరి గుట్ట మీద. మన నెల్లూరు జిల్లా పిల్లలకు ఉదయగిరి దుర్గం ఉంది. 3,000 అడుగుల పైచిలుకు ఎత్తు! కానీ పైకి పోవాలంటే మేకలు కాసేవాళ్లను బతిమాలుకోవాలి.

కొంత దూరం రాతిమెట్లు బాగానే ఉంటాయి. ఆ తర్వాత బోదగడ్డి కప్పేస్తుంది. ఎక్కడో రెండు బాటలు చీలుతాయి. ఒకటి బురుజుకు, ఇంకొకటి ముళ్లకంపల్లోకి. ఏది ఎటో చెప్పే బాణం గుర్తొక్కటీ లేదు. కొత్తవాళ్లు ఎండవేళకు దారి తప్పితే చుక్క నీళ్లు దొరకవు.

గజపతుల చేతిలోని ఈ కోటను పట్టడానికి కృష్ణదేవరాయల సేనకే ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట లొంగాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. హంపికి పోయేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో! కొండ మీద గోల్కొండ నవాబుల నాటి మసీదు కూడా ఉంది.

రోప్‌వేలు, రిసార్టులు అడగడం లేదు, అవి రాకపోతేనే మేలు. బాట పొడవునా రాళ్ల మీద రంగు గుర్తులు, కింద నీళ్ల వసతి, పేర్లు రాసుకుని పంపే ఒక మనిషి చాలు. స్థానిక యువకులకు గైడ్లుగా శిక్షణ ఇస్తే వాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. ఈ చలికాలం లోపైనా అటవీ, పర్యాటక శాఖలు కూర్చుని తేల్చాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వింజమూరు