సవర పల్లెలో తెలుగు మైకు ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో పాఠకుల ఉత్తరాల్లో మా పర్లాకిమిడి నుంచే ఒకాయన రాశారు, చిన్న చిన్న చర్చిలు ఎక్కువైపోయాయి, పొద్దున్న లేస్తే మైకు రాత్రి పడుకుంటే మైకు, అసలు ఈ ప్రచారం అన్నదే ఆపించాలి అని. చదివిన దగ్గర్నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే, ఆ సగం ఒప్పుకోకుండా మిగతా సగానికి జవాబు చెప్తే నన్ను ఎవరు నమ్ముతారు. నేను రిటైర్డ్ టీచర్ని, ఇక్కడ ఒక చిన్న చర్చి సంఘంలో పెద్దగా ఉన్నాను. నలభై కుటుంబాలు ఉంటాయేమో, రేకుల షెడ్డు, ఆదివారం కాస్త జనం ఎక్కువొస్తే కుర్చీలు పక్కింటి వాళ్ళ దగ్గర తెచ్చుకుంటాం (పక్కింటి వాళ్ళు హిందువులే, వాళ్ళింట్లో పెళ్ళికి మా బల్లలు వెళ్తాయి).

ముందు మైకు సంగతి. మన దేశంలో శబ్ద కాలుష్యం రూల్స్ 2000లోనే వచ్చాయి, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్ పెట్టకూడదు, ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్ రాత్రి 45 దాటకూడదు, పెట్టాలంటే పర్మిషన్ కావాలి. ఇది గుడికైనా మసీదుకైనా చర్చికైనా ఒకటే. అదే ఏడాది సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు చెన్నైలో ఒక చర్చి మీదే, కాలనీ వాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు, చర్చి వాళ్ళు మా మత స్వేచ్ఛ అన్నారు, పక్కవాళ్ళ ప్రశాంతత పాడుచేసి మైకుల్లో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదని కోర్టు తేల్చేసింది. ఓడిపోయింది చర్చే. ఈ ముక్క మా వాళ్ళు చాలామందికి తెలీదు, చెప్తే నామీద కోపం. మా రేకుల షెడ్డు మీద కూడా రెండు హారన్లు ఉండేవి, రెండేళ్ళ కింద ఎదురింటి అమ్మాయి టెన్త్ పరీక్షలప్పుడు నేనే నిచ్చెన వేయించి దింపించాను, ఇప్పుడున్న బాక్సు లోపలికి తిరిగి ఉంటుంది. వాక్యం వినడానికి వచ్చినోళ్ళు లోపలే కూర్చుంటారు కదా, వీధికి వినిపించి ఏటి లాభం?

కానీ మైకు దింపండి అనడం వేరు, చెప్పడమే మానెయ్యండి అనడం వేరు. అక్కడే నేను ఆయనతో ఏకీభవించను. ఇంకా మాట్లాడితే మైకు మీద ఆయన కన్నా నాకే ఎక్కువ కోపం ఉంది. ఎందుకో చెప్తాను.

మా గజపతి జిల్లాలో 2011 లెక్కల ప్రకారం మూడో వంతు కన్నా ఎక్కువమంది క్రైస్తవులే, ఎక్కువగా కొండల మీద ఉండే సవర గిరిజనులు. సెరంగోలో కెనడా బాప్టిస్టులు పెట్టిన ఆసుపత్రి పేరు ఈ చుట్టుపక్కల తెలీనివాళ్ళు ఉండరు. మాది పట్నంలో తెలుగు సంఘం, అయినా కొండ మీద నాలుగు పల్లెల్లో కూడికలు మేమే చూస్తాం. వాటికోసం ఒక సువార్తికుడు (క్రీస్తు గురించి ఊరూరా తిరిగి చెప్పేవాడు) ఉన్నాడు, సవర అబ్బాయే, సవర మాట్లాడతాడు ఒరియా మాట్లాడతాడు తెలుగు మాట్లాడతాడు, వారంలో నాలుగు రోజులు నడకే. మూడేళ్ళ కింద మా కమిటీకి ఒక ఉత్సాహం పుట్టింది, ఆ పల్లెల మధ్యలో మూడు రోజులు సువార్త సభలు పెడదాం అని. ఆంధ్రా నుంచి ఒక పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిచారు. షామియానా, సౌండు సెట్టు, జనరేటరు, దారి పొడుగునా ఆయన ఫొటోతో ఫ్లెక్సీలు (ప్రభువు పేరు కింద మూల చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూపిస్తే ప్రింటింగ్ తప్పు అన్నారు).

మొదటి రోజు రాత్రి ఆయన మొదలుపెట్టారు. గొంతు బాగుంది, కాదనను. కానీ ఆ తెలుగు మన బైబిల్లోని గ్రాంథికం, దాని మీద ఆయన సొంత ప్రాసలు, మాకే సగం అర్థం కాలేదు, కింద చాపల మీద కూర్చున్న సవర ముసలమ్మలకి ఏం అర్థమవుతుంది. మా సువార్తికుణ్ణి పక్కన నిలబెట్టి తర్జుమా చెయ్యమన్నారు. ఆయన రెండు నిమిషాలు అరిచి చెమట తుడుచుకునేవారు, మావాడు సవరలో నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయేవాడు. జనం నవ్వడం మొదలెట్టారు. ఆయనకి అనుమానం వచ్చి ఇంకా గట్టిగా అరిచారు. ఆ రాత్రి దిగి వచ్చేటప్పుడు అడిగాను, ఏం బాబూ అంతసేపు ఆయన చెప్తే నువ్వు ఏం చెప్పావు అని. "ఏం చెప్పమంటారు మాస్టారూ, అయ్యగారికి మన మీద ఎందుకో కోపంగా ఉంది, అయినా మనకోసం చాలా దూరం నుంచి వచ్చారు అన్నాను" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, తర్వాత ఆ రాత్రంతా నిద్ర రాలేదు.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఈ మాటే ఉంది, అర్థం కాని భాషలో పదివేల మాటల కన్నా అర్థమయ్యే ఐదు మాటలు మేలని. మావాళ్ళు ఆ అధ్యాయం ఎన్నోసార్లు చదువుతారు కానీ అది ప్రార్థనలో ఆవేశంతో పలికే అన్యభాషల గొడవకే అనుకుంటారు, సవరవాళ్ళ ముందు మన తెలుగు కూడా అన్యభాషే అని ఎవరికీ తట్టదు. అదే పౌలు త్రోయలో అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడిపోయాడు, పౌలు అంతటివాడికే అలా అయితే మన ప్రసంగీకులు వాచీ చూసుకోవద్దా.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఇది ఏ ఊరు? గిడుగు రామమూర్తి గారు పంతులుగా చేసిన ఊరు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని చేస్తారు కదా, ఆయన పుట్టినరోజే అది. 1880ల్లో ఇక్కడ రాజావారి స్కూల్లో పాఠాలు చెప్తూ కొండ దిగి వచ్చే సవరల్ని చూసి వాళ్ళ భాష నేర్చుకోవాలి అనుకున్నారు, తెలుగొచ్చిన ఒక సవరని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు, వాళ్ళకి బడులు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. అంటే సుమారు యాభై ఏళ్ళ పని. ఆయన క్రైస్తవుడు కాదు, ఎవర్నీ మార్చడానికి వెళ్ళలేదు, ఎదుటివాడితో మాట్లాడాలంటే వాడి మాట రావాలి అని నమ్మారు, అంతే. తెలుగులో కూడా పుస్తకాలు వాడుక భాషలో ఉండాలని పోట్లాడింది ఆయనే. అలాంటాయన తిరిగిన ఊళ్ళో ఉండి మేం కొండ మీదికి జనరేటరు మోసుకెళ్ళి గ్రాంథికం వినిపిస్తున్నాం. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, లేకపోతే మా సభ చూసి వెళ్ళిపోయారు అనేవాణ్ణి.

పాటల సంగతి కూడా అంతే. తెలుగు క్రైస్తవులు ఏ ఊళ్ళో ఉన్నా పాడే కీర్తనల్లో బోలెడన్ని రాసిన పురుషోత్తమ చౌదరి గారు ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే 1803లో పుట్టారు, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, రాసింది తెలుగులో, మన రాగాల్లో మన తాళాల్లో. అందుకే మా అమ్మ బడి మొహం చూడకపోయినా ఇరవై ముప్పై కీర్తనలు పుస్తకం లేకుండా పాడేది, పొలంలో ఊడుపులకి వెళ్ళినా అవే. ఆవిడకి దేవుడి గురించి తెలిసిందంతా ఆ పాటల్లోంచే, ఏ ప్రసంగంలోంచీ కాదు. ఇప్పుడు పెన్ డ్రైవ్ లో ట్రాక్ పెట్టి సినిమా బీటుకి గంతులు, తబలా వాయించే మా ముసలాయన వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు. పెద్దవాణ్ణయ్యాను కాబట్టి ఇలా అంటున్నానేమో, సరే వదిలేద్దాం.

ఇక డబ్బులు. ఆ మూడు రోజుల సభలకి ప్రసంగీకుడి కారు, లాడ్జి, ప్రేమ కానుక (ప్రసంగానికి కవర్లో పెట్టి ఇచ్చే డబ్బు) అన్నీ కలిపి 1,40,000 అయ్యింది, ఖర్చు పుస్తకం నా దగ్గరే ఉంది. మా సువార్తికుడికి నెలకి ఇచ్చేది 6,000. లెక్క వేసుకోండి, ఇరవై మూడు నెలల జీతం మూడు రాత్రుల్లో పోయింది. కమిటీలో జీతం పెంచుదాం అంటే ఒకాయన, పౌలు డేరాలు కుట్టుకుని బతకలేదా అన్నాడు. కుట్టుకున్నాడు, కానీ సువార్త ప్రకటించేవాడు సువార్త వల్లే బతకాలని కొరింథీయులకి రాసింది కూడా ఆ పౌలే, తొమ్మిదో అధ్యాయం తీసి చూపించాను. పెద్ద ప్రసంగీకుడికి కవర్ ఇచ్చేటప్పుడు మాత్రం డేరాలు ఎవరికీ గుర్తురావు.

ఆ అబ్బాయి చేసే పని ఏంటో ఉత్తరం రాసినాయనకి తెలీదు, అందుకే చెప్తున్నా. ఒక పల్లెకి వెళ్తాడు, అరుగు మీద కూర్చుంటాడు, చోడి అంబలి ఇస్తే తాగుతాడు, జీలుగు కల్లు ఇస్తే వద్దని నవ్వుతాడు, వాళ్ళు పోడు గురించి ఏనుగుల గురించి రేషన్ కార్డు గురించి చెప్తుంటే వింటాడు. రేషన్ ఫారం నింపిపెడతాడు. ఎవరైనా అడిగితే ఒక కథ చెప్తాడు, తప్పిపోయిన గొర్రె కథో మంచి సమరయుడి కథో, పది నిమిషాలు. అడక్కపోతే చెప్పకుండానే వచ్చేస్తాడు. రిజిస్టర్లో ఎంతమంది మతం మారారు అని ఒక గడి ఉంటే వాడిది ఎక్కువసార్లు ఖాళీ. మొదట్లో నేనే విసుక్కునేవాణ్ణి.

మన సభల తర్వాత ఏమైందో చూశాక విసుగు పోయింది. రెండో రోజు రాత్రి ఆ ప్రసంగీకుడు విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అన్నారు, మావాడు ఆ మాట మాత్రం తర్జుమా చెయ్యలేదు, కానీ తెలుగొచ్చిన ఒకామె వినేసింది. ఆమెకి టీబీ, ఆరు నెలల కోర్సులో రెండో నెల, కాస్త తేలిగ్గా ఉంది కదా అని ఆపేసింది. మధ్యలో ఆపితే ఆ జబ్బు మందులకి లొంగకుండా మొండికేస్తుందని ఏ ఆశా కార్యకర్తనడిగినా చెప్తుంది. మా అబ్బాయి మూడుసార్లు ఆమె ఇంటికి నడిచి నాలుగోసారి హెల్త్ సెంటర్ కి వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆమె ఇప్పుడు బాగానే ఉంది. ప్రసంగీకుడి ఛానెల్లో ఆ మూడు రోజుల వీడియో ఉంది, ఇది అందులో లేదు.

చట్టం గురించి కూడా ఆయన రాశారు, ఒడిశాలో మత ప్రచారమే నేరం అన్నట్టు. అలా కాదు. 1967లో వచ్చిన ఒడిశా మత స్వేచ్ఛ చట్టం, స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి చట్టం మొదట తెచ్చింది మన రాష్ట్రమే, అందులో తప్పు అన్నది బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్చడం. ఏడాది దాకా జైలు, ఆడవాళ్ళు, మైనర్లు, ఎస్సీ ఎస్టీల విషయంలో రెండేళ్ళ దాకా. 1977లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుంది అంటూనే రాజ్యాంగం ఇరవై ఐదో అధికరణంలో ప్రచారం అంటే తన నమ్మకాన్ని వివరించి చెప్పుకోవడం, ఎదుటివాణ్ణి మార్చే హక్కు మాత్రం కాదు అంది. నాకు ఆ తీర్పుతో పేచీ లేదు, మార్చడం నా చేతిలో పని అని మా బైబిలు కూడా చెప్పదు. కానీ చెప్పుకునే హక్కు అందరికీ ఉన్నట్టే మాకూ ఉంది, దాన్ని కూడా తప్పు అంటే ఎలా?

మావైపు తప్పులు లేవనను. పోయిన క్రిస్మస్ కి ఒక దాత దుప్పట్లు ఇస్తే మా యూత్ కుర్రాళ్ళు ఉత్సాహంగా ఒక్కో దుప్పటి మడతలో ఒక్కో కరపత్రం పెట్టారు. అన్నీ విప్పించి తీయించాను. చలికి దుప్పటి ఇస్తే చలికే ఇవ్వాలి. పాస్టరు అయ్యగారు కూడా ముందు నొచ్చుకున్నారు, తర్వాత సరే అన్నారు. యేసు శిష్యుడు పేతురు తన మొదటి పత్రికలో నీ నిరీక్షణ గురించి అడిగేవాళ్ళకి సాత్వికంగా జవాబు చెప్పమన్నాడు, అంటే ముందు ఎవరో ఒకరు అడగాలి కదా, దుప్పటి తీసుకున్నవాడు దేన్నీ అడగలేదు.

ఈ ఏడాది సభలు వద్దని కమిటీలో తీర్మానం పెట్టాను. తొమ్మిది మంది సరే అన్నారు ఐదుగురు కాదన్నారు, ఆ ఐదుగురిలో ఒకరు మా ఆవిడ, స్త్రీల సమాజం తరఫున, ఇంకా మాట సరిగ్గా లేదు. మిగిలిన డబ్బుతో సువార్తికుడి జీతం 9,000 చేశాం, పాతపట్నంలో ఒక సెకండ్ హ్యాండ్ బండి చూశాం. ఉత్తరం రాసినాయన ఇల్లు ఏ వీధో నాకు తెలీదు, ఆయనకి ఇంకా మా బాక్సు వినిపిస్తుంటే ఆదివారం తొమ్మిదికి వచ్చి నాతో చెప్పమనండి, గుమ్మం దగ్గరే ఉంటాను. బండి మాత్రం ఇంకా చేతికి రాలేదు, ఆంధ్రా నంబరు కదా, శ్రీకాకుళం నుంచి ఎన్ఓసీ రావాలంటున్నారు, అందాకా మావాడు నడుస్తూనే ఉన్నాడు.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా